సయామీస్ డ్రీమ్

సయామీస్ డ్రీమ్ అమెరికాలోని షికాగో నగరానికి చెందిన ఆల్టర్నేటివ్ రాక్ బృందం 'ది స్మాషింగ్ పంప్కిన్స్' రెండో స్టూడియో ఆల్బమ్. వర్జిన్ రికార్డ్స్ సంస్థ దీన్ని 1993 జులై 27న అమెరికాలో విడుదల చేసింది. ఇందులో 13 పాటలున్నాయి. మొత్తం నిడివి సుమారు 62 నిమిషాలు. బుచ్ విగ్, బృంద నాయకుడు బిల్లీ కోర్గన్ కలిసి నిర్మించారు. మిక్సింగ్ అలన్ మౌల్డర్ చేశాడు. అమెరికా బిల్‌బోర్డ్ 200 జాబితాలో 10వ స్థానానికీ, బ్రిటన్ ఆల్బమ్ జాబితాలో 4వ స్థానానికీ చేరింది. ప్రపంచం మొత్తం మీద 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. పొరలు పొరలుగా పేర్చిన ఫజ్ గిటార్ల నాదానికి ఈ ఆల్బమ్ పెట్టింది పేరు. 1990ల రాక్ సంగీతంలో గిటార్ రికార్డింగ్ గురించి ఎవరు రాసినా దీని ప్రస్తావన తప్పనిసరిగా వస్తుంది.

నిర్వచనం, పరిధి

ఈ ఆల్బమ్‌ను తరచుగా గ్రంజ్ ఖాతాలో వేస్తుంటారు. ఈ వర్గీకరణకు కొంత సవరణ అవసరం. గ్రంజ్ అంటే కచ్చితమైన అర్థంలో 1980ల రెండో సగంలో అమెరికా వాయవ్య తీరాన, సియాటిల్ పరిసరాల్లో పుట్టిన శైలి. పంక్ సంగీతపు మొరటుదనం, బ్లాక్ సబ్బాత్ తరహా హెవీ మెటల్ బరువు కలిసిన గిటార్లు, మెరుగులు దిద్దని రికార్డింగ్ దాని లక్షణాలు. స్మాషింగ్ పంప్కిన్స్ షికాగో బృందం. మెరుగులు దిద్దడం దగ్గర వాళ్ళకు మొహమాటం లేదు. క్వీన్, బోస్టన్, ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా వంటి 1970ల బృందాల ఆర్భాటపు స్టూడియో పనితనం కోర్గన్‌కు ఇష్టం. సియాటిల్ సంప్రదాయం ఆ పనితనాన్నే అనుమానంగా చూసింది. కాబట్టి సయామీస్ డ్రీమ్ గ్రంజ్ యుగపు ఆల్బమ్. గ్రంజ్ ఆల్బమ్ మాత్రం కాదు. హెవీ మెటల్, ప్రోగ్రెసివ్ రాక్, డ్రీమ్ పాప్, షూగేజ్ శైలులు ఇందులో కలిసి కనిపిస్తాయి.

షూగేజ్ అనేది 1980ల చివర బ్రిటన్, ఐర్లండ్ బృందాలు పెంచిన శైలి. వాద్యకారులు వేదిక మీద తలవంచి కాళ్ళ దగ్గర ఉండే, గిటార్ నాదాన్ని మార్చే పెడళ్ళను చూస్తూ వాయించడం వల్ల ఆ పేరు వచ్చింది. 1991 నవంబరులో మై బ్లడీ వాలెంటైన్ బృందం వెలువరించిన 'లవ్‌లెస్' ఈ శైలికి శిఖరం. ఆ ఆల్బమ్‌కు ఇంజనీరుగా పనిచేసిన మౌల్డర్‌నే కోర్గన్ మిక్సింగ్‌కు పిలిపించుకున్నాడు. తాను ఏ నాదం కోసం వెతుకుతున్నాడో ఆ ఎంపికలోనే తెలుస్తుంది.

ఫజ్: నాద స్వభావం, పనితీరు

ఎలక్ట్రిక్ గిటార్ తీగ కంపనం పికప్ ద్వారా చిన్న విద్యుత్ సంకేతంగా మారుతుంది. దాన్ని పెంచేది యాంప్లిఫయర్. పరికరం తట్టుకోగలిగిన హద్దును దాటి సంకేతాన్ని పెంచితే తరంగపు శిఖరాలు, లోయలు కోసేసినట్టు చదునవుతాయి. దీన్ని క్లిప్పింగ్ అంటారు. అలా చదునైన తరంగంలో మూల స్వరంతో పాటు దాని అతిస్వరాలు అనేకం బలంగా పలుకుతాయి. అతిస్వరాలు తెలుగు శ్రోతకు కొత్తవి కావు. తంబురా తీగ కింద నూలుపోగు జరిపి సరిచేసినప్పుడు ఒక్క స్వరంలోంచే ఝుంకారం విచ్చుకోవడం అతిస్వరాల వల్లనే. తంబురాలో ఆ పని నూలుపోగు చేస్తుంది. ఫజ్‌లో ట్రాన్సిస్టర్లు, డయోడ్లు మరింత మొరటుగా చేస్తాయి.

క్లిప్పింగ్ స్వల్పంగా ఉంటే ఓవర్‌డ్రైవ్, ఇంకాస్త గట్టిగా ఉంటే డిస్టార్షన్, తరంగం దాదాపు చతురస్రాకారం దాల్చేంత తీవ్రమైతే ఫజ్ అని వాడుక. వీటి మధ్య గీతలు కచ్చితమైనవి కావు. ఫజ్‌కు మరో గుణం ఉంది: తీగ కంపనం తగ్గుతున్నా చదునైన తరంగపు ఎత్తు వెంటనే తగ్గదు. అందువల్ల మీటిన స్వరం వయొలిన్ కమాను గీసినట్టు చాలాసేపు నిలుస్తుంది. సయామీస్ డ్రీమ్ గిటార్లలో ఆగకుండా సాగే ధార వినిపించడానికి మూలం ఇదే.

ఫజ్‌కు ఒక పరిమితి కూడా ఉంది. ఒకేసారి రెండు మూడు స్వరాలు వాయిస్తే వాటి పౌనఃపున్యాల మొత్తాలు, భేదాలు కొత్త నాదాలుగా పుట్టి కలగాపులగమవుతాయి. నిండు కార్డ్స్ ఫజ్‌లో బురదగా వినిపిస్తాయి. షడ్జమం, పంచమం మాత్రమే ఉన్న పవర్ కార్డ్స్, లేదా ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో పలికించే ఆక్టేవ్ జోడీలు మాత్రం శుభ్రంగా నిలబడతాయి. కోర్గన్ ఈ ఆక్టేవ్ జోడీలను ఆల్బమ్ అంతటా విరివిగా వాడాడు.

ఫజ్ చరిత్ర

మొదట్లో ఈ నాదం పాడైపోయిన పరికరాల నుంచి పుట్టింది. 1958లో గిటారిస్టు లింక్ రే పెన్సిలుతో తన యాంప్లిఫయర్ స్పీకరుకు చిల్లులు పొడిచాడు. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ' నాష్‌విల్‌లో రికార్డవుతున్నప్పుడు మిక్సింగ్ కన్సోల్‌లో ఒక మార్గం చెడిపోయి గ్రేడీ మార్టిన్ బేస్ గిటార్ బొంగురుగా పలికింది. ఆ భాగాన్ని తీసేయకుండా అలాగే ఉంచేశారు. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ నాదాన్ని కావాలని పుట్టించే సర్క్యూట్ తయారు చేశాడు. గిబ్సన్ సంస్థ దాన్ని 1962లో 'మాస్ట్రో ఫజ్-టోన్' పేరుతో అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్' పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడేదాకా కొనేవాళ్ళు పెద్దగా లేరు. తర్వాత జిమీ హెండ్రిక్స్ వాడిన 'ఫజ్ ఫేస్' పెడల్ ఆ నాదాన్ని రాక్ సంగీతపు ప్రధాన స్వరం చేసింది.

న్యూయార్క్‌లో 1968లో మైక్ మాథ్యూస్ స్థాపించిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ సంస్థ కొద్దికాలంలోనే 'బిగ్ మఫ్ పై' అనే పెడల్ తెచ్చింది. దీనికి మూడు మరలుంటాయి: వాల్యూమ్, టోన్, సస్టెయిన్. మధ్య పౌనఃపున్యాలను తగ్గించి, కింది గాంభీర్యాన్నీ పైని గరుకునూ ముందుకు తేవడం దీని ప్రత్యేకత. 1970ల చివర్లో ట్రాన్సిస్టర్ల బదులు ఆపరేషనల్ యాంప్లిఫయర్ చిప్‌లతో ఒక రకాన్ని తయారుచేశారు. వాద్యకారులు దాన్ని ఆప్-యాంప్ బిగ్ మఫ్ అంటారు. సయామీస్ డ్రీమ్‌లో వినిపించే ఫజ్ ప్రధానంగా ఈ రకానిదే.

సియాటిల్‌కు కూడా ఈ పెడళ్ళతో గట్టి బంధం ఉంది. అక్కడి మడ్‌హనీ బృందం 1988లో అదే నగరపు రికార్డు సంస్థ సబ్ పాప్ ద్వారా తెచ్చిన చిన్న ఆల్బమ్‌కు తాము వాడే రెండు పెడళ్ళ పేర్లే కలిపి 'సూపర్‌ఫజ్ బిగ్‌మఫ్' అని పెట్టుకుంది.

కాలం

1991 సెప్టెంబరు 24న వెలువడిన నిర్వాణా ఆల్బమ్ 'నెవర్‌మైండ్' 1992 జనవరిలో బిల్‌బోర్డ్ ప్రథమ స్థానానికి ఎక్కింది. పెర్ల్ జామ్ 'టెన్', సౌండ్‌గార్డెన్ 'బ్యాడ్‌మోటార్‌ఫింగర్' కూడా 1991లోనే వచ్చాయి. అప్పటిదాకా కళాశాల రేడియోకు, చిన్న లేబుళ్ళకు పరిమితమైన సంగీతం పెద్ద సంస్థల ప్రధాన సరుకైంది. 'నెవర్‌మైండ్' నిర్మాత బుచ్ విగ్. అదే విగ్ అంతకు కొన్ని నెలల ముందే విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని తన స్మార్ట్ స్టూడియోస్‌లో పంప్కిన్స్ తొలి ఆల్బమ్ 'గిష్' నిర్మించాడు. 1991 మేలో వచ్చిన ఆ ఆల్బమ్‌కు ఖర్చు సుమారు 20 వేల డాలర్లు. 'నెవర్‌మైండ్' విజయం తర్వాత రికార్డు సంస్థ చూపు సహజంగానే పంప్కిన్స్ మీద పడింది. తరువాతి పెద్ద బృందం వీళ్ళే కావాలన్న ఒత్తిడి కోర్గన్‌ను కుంగదీసింది.

బృందం

స్మాషింగ్ పంప్కిన్స్ 1988లో షికాగోలో ఏర్పడింది. కోర్గన్ గాయకుడు, గిటారిస్టు, ప్రధాన రచయిత. జేమ్స్ ఇహా రెండో గిటార్ వాయించేవాడు. డార్సీ రెట్స్కీ బేస్ గిటారిస్టు. మొదట్లో డ్రమ్స్ వాయించే మనిషే లేడు, డ్రమ్ మెషిన్‌తో ప్రదర్శనలిచ్చేవారు. మెట్రో అనే సంగీతశాల యజమాని జో షనహన్, నిజమైన డ్రమ్మర్ ఉంటేనే వేదిక ఇస్తానన్నాడు. అలా జాలియట్ పట్టణానికి చెందిన జిమీ చాంబర్లిన్ చేరాడు. జాజ్ సంగీతంలో పాఠం నేర్చినవాడు కావడంతో అతని రాకతో బృందపు స్వరూపమే మారింది. మృదువుగా, విషాదంగా పాడుకునే బృందం ఒక్కసారిగా బరువెక్కింది. 1990లో సబ్ పాప్ సంస్థ వీళ్ళ 'ట్రిస్టెస్సా' సింగిల్ విడుదల చేసింది. సియాటిల్‌తో వీళ్ళకున్న ప్రత్యక్ష సంబంధం ఆ మేరకే.

'గిష్' తర్వాతి పర్యటనలు బృందాన్ని చీల్చేదాకా వచ్చాయి. ఇహా, రెట్స్కీల మధ్య ప్రేమబంధం తెగిపోయింది. చాంబర్లిన్ మత్తుమందులకు, మద్యానికి బానిసయ్యాడు. కోర్గన్ తీవ్రమైన మానసిక కుంగుబాటుతో ఒక్క పాటైనా రాయలేని స్థితిలో పడ్డాడు. కొంతకాలం ఒక పార్కింగ్ గరాజులో నివసించాడు. ఆత్మహత్య ఆలోచనలు వెంటాడిన ఆ రోజుల గురించి తర్వాతి ఇంటర్వ్యూల్లో తానే చెప్పుకొన్నాడు. ఈ ఆల్బమ్‌లోని చాలా పాటలు ఆ స్థితిలోంచి బయటికి వచ్చే క్రమంలో రాసినవి.

రికార్డింగ్

1992 డిసెంబరు నుంచి 1993 మార్చి వరకు జార్జియా రాష్ట్రం మారియెటాలోని ట్రైక్లాప్స్ సౌండ్ స్టూడియోస్‌లో రికార్డింగ్ జరిగింది. మారియెటా అట్లాంటా నగర శివారు పట్టణం. షికాగో వదిలి అంత దూరం వెళ్ళడానికి రెండు కారణాలు: మిత్రుల రాకపోకలు లేకుండా పనిచేసుకోవడం, చాంబర్లిన్‌ను మత్తుమందులు అందించే పరిచయాలకు దూరంగా ఉంచడం. రెండోది నెరవేరలేదు. అట్లాంటాలోనూ అతను త్వరలోనే అలాంటి పరిచయాలు వెతుక్కుని, ఒక్కోసారి రోజుల తరబడి కనిపించకుండా పోయేవాడు.

గిటార్, బేస్ భాగాలు దాదాపు అన్నీ కోర్గన్ ఒక్కడే వాయించాడు. అనుకున్న పద్ధతిలో, అనుకున్న కచ్చితత్వంతో, తక్కువసార్లు ప్రయత్నించి వాయించగలిగేది తానేనని అతని వాదన. ఇహా, రెట్స్కీలకు ఇది అవమానంగా తోచింది. పత్రికలు కోర్గన్‌ను నియంతగా చిత్రించాయి. ఈ వివాదాన్ని ఒకవైపు నుంచే చూడటం న్యాయం కాదు. ఆల్బమ్‌లోని రెండు అందమైన పాటలు 'సోమా', 'మెయొనెయిజ్' ఇహాతో కలిసి కట్టినవి. చాంబర్లిన్ లేకుండా ఈ ఆల్బమ్‌ను ఊహించనే లేము.

పని అంతా అనలాగ్ టేపు మీదనే సాగింది. కంప్యూటర్ ఎడిటింగ్ వాడలేదు. అతుకులన్నీ బ్లేడుతో టేపు కోసి వేసినవే. 45 సెకన్ల సంగీతానికి రెండు రోజులు పట్టిన సందర్భాలున్నాయని విగ్ చెప్పాడు. అనుకున్న బడ్జెట్ కన్నా రెండున్నర లక్షల డాలర్లు ఎక్కువైంది. చివరికి విగ్, కోర్గన్ ఇద్దరూ మిక్సింగ్ చేసే ఓపిక లేనంతగా అలసిపోయారు. అప్పుడు మౌల్డర్ లాస్ ఏంజెలెస్‌లోని రంబో రికార్డర్స్‌లో 36 రోజులపాటు మిక్సింగ్ చేశాడు. మాస్టరింగ్ హోవీ వైన్‌బర్గ్ చేశాడు.

గిటార్ పొరల అమరిక

ఈ ఆల్బమ్ ప్రత్యేకతను ఫజ్ ఎంత ఉందన్నదాంట్లో కాకుండా దాన్ని పేర్చిన తీరులో చూడాలి. ఒకే గిటార్‌ను గట్టిగా వాయిస్తే పెద్ద శబ్దం వస్తుందేమో గానీ పెద్ద సంగీతం రాదు. ఒకే రిఫ్‌ను, అంటే తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ వరసను, పలుసార్లు వాయించి, ఒక్కో ట్రాక్‌కు ఒక్కో రంగు ఇచ్చి, కొన్నిటిని ఎడమకూ కొన్నిటిని కుడికీ పంచారు. రెండుసార్లు ఒకే రకంగా వాయించినా సమయంలో అతి చిన్న తేడా, శ్రుతిలో అతి చిన్న తేడా ఉండి తీరతాయి. బృందగానంలో పదిమంది ఒకే స్వరం పాడితే వినిపించే విస్తారం ఆ తేడాల వల్లే వస్తుంది. ఇక్కడ పదిమంది గాయకుల స్థానంలో ఉన్నది ఒకే మనిషి వాయించిన పది ట్రాక్‌లు.

'సోమా'లో ఈ పొరలు 40 దాకా ఉన్నాయి. ఇన్ని గిటార్లు ఒకే చోట గుమిగూడితే మధ్య స్థాయి ఇరుకైపోయి మాట వినపడకూడదు. అలా జరగకపోవడానికి కారణం ఆప్-యాంప్ బిగ్ మఫ్ సహజ లక్షణమే. అది మధ్య పౌనఃపున్యాలను తగ్గిస్తుంది కనుక కోర్గన్ సన్నని ముక్కు గొంతుకు అక్కడ చోటు దొరికింది. గిటార్లు గొంతుకు పైనా కిందా పరుచుకున్నాయి. ఆల్బమ్ ఎంత బిగ్గరగా ఉన్నా గానం ఎప్పుడూ మునిగిపోదు.

కోర్గన్ మార్షల్ యాంప్లిఫయర్లు, లేస్ సెన్సార్ పికప్‌లు బిగించిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వాడాడు. 'గిష్' నాటి తన ఇష్టమైన 1974 స్ట్రాటోకాస్టర్ 1992లో డెట్రాయిట్ ప్రదర్శన తర్వాత దొంగతనానికి గురైంది కాబట్టి ఈ ఆల్బమ్‌లో అది లేదు. ఆ గిటార్ 2019లో అతనికి తిరిగి చేరింది. 'చెరబ్ రాక్' సోలోలో వినిపించే సుడిగాలి వంటి ఊపు టేప్ ఫ్లాంజింగ్ వల్ల వచ్చింది. అంటే ఒకే సోలోను రెండు టేపుల మీద కలిపి నడుపుతూ ఒకదాని వేగాన్ని స్వల్పంగా మార్చడం.

పాటలు

'చెరబ్ రాక్' ఆల్బమ్‌కు తలుపు. డ్రమ్ దరువు, దాని మీద ఒంటరి గిటార్, తర్వాత రెండో గిటార్, ఆపైన ఒక్కసారిగా ఫజ్ ప్రవాహం. పొరల పద్ధతిని మొదటి నిమిషంలోనే శ్రోతకు పరిచయం చేసినట్టుంటుంది. స్వతంత్ర సంగీత ప్రపంచపు పెద్దమనుషుల మీద ఆగ్రహం ఈ పాట ఇతివృత్తం. తర్వాతి 'క్వయెట్' పేరుకు నిశ్శబ్దమే అయినా ఆల్బమ్‌లో అత్యంత బరువైన రిఫ్‌లలో ఒకటి దానిది.

'టుడే' చిన్నపిల్లల బొమ్మగడియారంలో మోగే పాటలాంటి తేట గిటార్ స్వరాలతో మొదలై, పల్లవి రాగానే ఫజ్‌తో నిండిపోతుంది. వినడానికి ఉల్లాసంగా ఉంటుంది, పుట్టింది మాత్రం కోర్గన్ అత్యంత కుంగిపోయిన రోజుల్లో. ఈ వైరుధ్యాన్ని గమనించకుండా దీన్ని పండుగ పాటగా విన్నవాళ్ళు అప్పుడూ ఇప్పుడూ ఉన్నారు. పాట నిర్మాణంలోనే ఆ వైరుధ్యం ఉంది: చరణంలో వెలుతురు, పల్లవిలో బరువు.

'డిసార్మ్'లో ఫజ్ లేదు, మామూలు డ్రమ్స్ లేవు. అకూస్టిక్ గిటార్, గంటలు, టింపనీ, వయొలిన్, చెల్లో మాత్రమే ఉన్నాయి. వయొలిన్ వాయించినవాడు కాన్సాస్ బృందానికి చెందిన డేవిడ్ రాగ్స్‌డేల్, చెల్లో ఎరిక్ రెమ్‌ష్నైడర్. బాల్యం, తల్లిదండ్రులతో సంబంధం ఈ పాట విషయం.

'సోమా' గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆరున్నర నిమిషాలకు పైగా ఉన్న ఈ పాట దాదాపు సగం దాకా నిద్రలో మాట్లాడినంత మెల్లగా సాగుతుంది. ఆర్.ఇ.ఎం. బృందానికి చెందిన మైక్ మిల్స్ పియానో వాయించాడు. ఆ మెత్తదనం మీద ఫజ్ విరుచుకుపడినప్పుడు మొదటి సగం ఎందుకంత పొడుగో తెలుస్తుంది. ఆల్డస్ హక్స్‌లీ 1932 నాటి నవల 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో జనాన్ని మత్తులో ఉంచే మందు పేరు కూడా సోమా. హక్స్‌లీ ఆ పేరును ఋగ్వేదపు సోమం నుంచి తీసుకున్నాడు. అలా మనకు తెలిసిన మాటే లండన్ మీదుగా షికాగో చేరి ఒక విరహగీతానికి శీర్షికైంది.

'గీక్ యు.ఎస్.ఎ.' చాంబర్లిన్ పాట అనవచ్చు. నడకలు మారుతూ, ఆగి మళ్ళీ పరిగెత్తే ఈ ఐదు నిమిషాల్లో డ్రమ్స్ తాళం వేయడంతో ఆగవు, గిటార్‌తో పోటీపడి మాట్లాడతాయి. 'హమ్మర్' ఏడు నిమిషాల ప్రయాణం. పెద్ద శబ్దంతో మొదలై చివరికి తేట గిటార్‌లోకి దిగిపోతుంది. 'స్పేస్‌బాయ్' కోర్గన్ తన సవతి తమ్ముణ్ణి తలచుకుంటూ కట్టిన పాట. అందులో మెల్లోట్రాన్ అనే పాత టేపు కీబోర్డు నాదం ఉంది. ఎనిమిదిన్నర నిమిషాలు దాటిన 11వ పాట ప్రదర్శనల్లో ఇంకా ఎంతో పొడుగ్గా సాగేది. 'స్వీట్ స్వీట్' నిమిషంన్నర విరామం వంటిది. 'లూనా' వయొలిన్, చెల్లోలతో నెమ్మదిగా ఆల్బమ్‌ను ముగిస్తుంది.

'మెయొనెయిజ్' సింగిల్‌గా రాలేదు. అయినా అభిమానుల్లో దీనికున్న ఆదరణ సింగిల్స్‌కు ఏమాత్రం తక్కువ కాదు. దీని రికార్డింగ్‌లో కోర్గన్ 65 డాలర్లకు కొన్న చవక గిటార్ వాడాడు. చేయి ఆపిన ప్రతిసారీ ఆ గిటార్ ఫీడ్‌బ్యాక్‌తో ఈల వేసేది. ఆ లోపాన్ని సరిచేయకుండా పాటలో భాగం చేశాడు. పల్లవికీ పల్లవికీ మధ్య వినిపించే ఆ సన్నని ఈల నాష్‌విల్ కన్సోల్‌లో పుట్టిన ఫజ్‌కు వారసురాలే. 45 సెకన్లకు రెండు రోజులు వెచ్చించిన మనిషి చవక గిటార్ ఈలను మాత్రం ముట్టుకోలేదు. ఈ ఆల్బమ్‌లోని పరిపూర్ణత వల్ల ఊపిరి ఆడకుండా పోలేదంటే ఇలాంటి చోట్లే కారణం.

ముఖచిత్రం

ఒకరినొకరు హత్తుకుని నవ్వుతున్న ఇద్దరు చిన్నారుల ఫొటో ముఖచిత్రంగా ఉంది. ఫొటో తీసింది మెలొడీ మెక్‌డానియల్. సయామీస్ అనే మాటలో అవిభక్త కవలల ధ్వని ఉండటంతో శీర్షికకూ చిత్రానికీ లంకె కుదిరింది.

విడుదల, సింగిల్స్

నాలుగు సింగిల్స్ వచ్చాయి: 'చెరబ్ రాక్', 'టుడే' 1993లో, 'డిసార్మ్', 'రాకెట్' 1994లో. 'టుడే' వీడియోను స్టెఫాన్ సెద్నావీ తీశాడు. ఐస్‌క్రీమ్ బండి నడిపేవాడిగా కోర్గన్ కనిపించే ఆ వీడియో ఎమ్‌టీవీలో విస్తృతంగా ప్రసారమై బృందాన్ని ఇంటింటికీ చేర్చింది.

'డిసార్మ్' బ్రిటన్ సింగిల్స్ జాబితాలో 11వ స్థానానికి చేరినా, బీబీసీ తన 'టాప్ ఆఫ్ ద పాప్స్' కార్యక్రమంలో దాన్ని ప్రసారం చేయలేదు. పాటలోని ఒక పంక్తి పిల్లవాడిపై హింసను సూచిస్తోందన్నది అభ్యంతరం. పాట చెప్పేది బాల్యపు గాయాల గురించి. ఆ పంక్తిని విడిగా తీసి చదివితే తప్ప ఆ అభ్యంతరానికి ఆధారం దొరకదు.

36వ గ్రామీ అవార్డుల్లో ఆల్బమ్ ఆల్టర్నేటివ్ విభాగంలోనూ, 'చెరబ్ రాక్' హార్డ్ రాక్ విభాగంలోనూ పోటీపడ్డాయి. మొదటిది యు2 ఆల్బమ్ 'జూరోపా'కు, రెండోది స్టోన్ టెంపుల్ పైలట్స్ పాట 'ప్లష్'కు దక్కాయి. 1994లో బృందం లొల్లాపలూజా సంచార సంగీతోత్సవంలో ప్రధాన ఆకర్షణగా నిలిచింది. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఆల్బమ్‌కు నాలుగు ప్లాటినమ్‌ల గుర్తింపు ఇచ్చింది.

విమర్శ

పత్రికల సమీక్షలు ఎక్కువగా ప్రశంసలే. వ్యతిరేకత స్వతంత్ర సంగీత వర్గం నుంచి వచ్చింది. షికాగో రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ ఆల్బినీ 1994లో 'షికాగో రీడర్' వారపత్రికకు రాసిన లేఖలో పంప్కిన్స్‌ను 1970-80ల వ్యాపార రాక్ బృందం ఆర్.ఇ.ఓ. స్పీడ్‌వ్యాగన్‌తో పోల్చాడు. అదే ఏడాది పేవ్‌మెంట్ బృందం 'రేంజ్ లైఫ్' పాటలో వీళ్ళ పేరెత్తి విసుర్లు విసిరింది. ఆల్బినీ వాదనకు సంగీత దృష్టి ఒకటుంది. గదిలో నలుగురు వాయిస్తే ఎలా వినిపిస్తుందో రికార్డు అలాగే ఉండాలన్నది అతని నమ్మకం. అదే పద్ధతిలో అతను 1993లో నిర్వాణా 'ఇన్ యుటెరో' రికార్డు చేశాడు. సయామీస్ డ్రీమ్ అందుకు సరిగ్గా ఎదురు కొసన ఉంది: ఏ గదిలోనూ ఏ నలుగురూ వాయించలేని సంగీతం అది. రెండు పద్ధతులూ గొప్ప రికార్డులే ఇచ్చాయి. స్టూడియో పనితనం ఉంటే నిజాయితీ ఉండదన్న నాటి అభియోగానికి మాత్రం ఇవాళ బలం లేదు.

అనంతర చరిత్ర, ప్రభావం

సయామీస్ డ్రీమ్ కాలం దాకా ఆల్బమ్‌లలో చోటు దొరకని పాటలు 1994 అక్టోబరులో 'పైసిస్ ఇస్కారియట్' సంకలనంగా వచ్చాయి. 1995 అక్టోబరులో వచ్చిన జంట ఆల్బమ్ 'మెలన్ కోలీ అండ్ ది ఇన్ఫినిట్ సాడ్‌నెస్' బిల్‌బోర్డ్ ప్రథమ స్థానం అందుకుంది. దాని రికార్డింగ్‌లో ఇహా, రెట్స్కీల పాత్ర పెరిగింది. నిర్మాణంలో విగ్ స్థానంలో ఫ్లడ్, మౌల్డర్ చేరారు. బృందం 2000లో విడిపోయి, కొన్నేళ్ళకు కోర్గన్, చాంబర్లిన్‌లతో మళ్ళీ మొదలైంది. ఇహా 2018లో తిరిగి చేరాడు.

'రోలింగ్ స్టోన్' పత్రిక 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో సయామీస్ డ్రీమ్‌కు 2003లో 360వ స్థానం, 2020లో 341వ స్థానం లభించాయి. ఇల్లినాయిలోని షాంపేన్‌కు చెందిన హమ్ బృందం 1995 ఆల్బమ్‌లో, లాస్ ఏంజెలెస్‌కు చెందిన సిల్వర్‌సన్ పికప్స్ 2006 ఆల్బమ్ 'కార్నవాస్'లో మృదువైన గొంతు, దట్టమైన ఫజ్ కలిసిన ఇదే బాణీ వినిపిస్తుంది. అయితే పంప్కిన్స్ పొరల నాదాన్ని అనుకరించినంత సులువుగా చాంబర్లిన్ డ్రమ్స్‌ను ఎవరూ అనుకరించలేకపోయారు.

2011 నవంబరులో పునర్మాస్టరింగ్ చేసిన ప్రతి 'గిష్'తో పాటు విడుదలైంది. పునర్మాస్టరింగ్ బాబ్ లడ్విగ్ చేశాడు. అదనపు రికార్డింగులతో పాటు 1993 ఆగస్టు 14న షికాగో మెట్రోలో జరిగిన ప్రదర్శన డీవీడీ కూడా అందులో ఉంది. 40 పొరల పాటలను నలుగురు మనుషులు వేదిక మీద ఎలా మోశారో చూడాలనుకునేవారికి ఆ డీవీడీ విలువైన ఆధారం.

చాలాకాలం పాత సరుకుల బజారులో తప్ప దొరకని ఆప్-యాంప్ బిగ్ మఫ్‌ను ఎలక్ట్రో-హార్మోనిక్స్ సంస్థ 2017లో మళ్ళీ తయారుచేసి అమ్మకానికి పెట్టింది. అయితే ఒక్క పెడల్ కొని ఒక్క గిటార్ మీటితే ఈ ఆల్బమ్ నాదం రాదు. అందులో ఉన్నది ఆ పెడల్ గుండా మళ్ళీ మళ్ళీ వాయించి పేర్చిన ఎన్నో ట్రాక్‌ల నాదం. కొత్తగా వినబోయే పాఠకులు 'సోమా'తో మొదలుపెట్టి, రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటి సగం పూర్తయ్యేదాకా శబ్దం పెంచకుండా వినాలి.